చుట్టబట్టలో చీటీ: నల్గొండ సాయుధ పోరాటంలో ఆడవాళ్ళ రహస్య పని గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సెప్టెంబర్ వచ్చిందంటే నాకు చుట్టుపక్కల స్కూళ్ళ నుంచి ఫోన్లు మొదలవుతాయి. 10న చాకలి ఐలమ్మ వర్ధంతి, 17న నిజాం లొంగిపోయిన రోజు, 26న ఐలమ్మ జయంతి. రిటైరైన సోషల్ టీచర్ని కదా, "మేడం, ఓ అరగంట పోరాటం గురించి చెప్పి పోండి" అంటారు. నేను చెప్పేది అరగంటే. ఆ తర్వాత పిల్లలు అడిగేది గంట. ఆడపిల్లలు అడిగే ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి ఒక్క చోటికే వస్తాయి: అప్పుడు మన ఆడవాళ్ళు ఏం చేశారు? పదేళ్ళుగా విన్నవాటిలో ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అది యుద్ధం ఎలా అవుతుంది? ఊరి గొడవ కదా?

ఊరి గొడవగానే మొదలైంది. వెట్టి చెయ్యం, కౌలు భూమి వదలం, సర్కారు బలవంతంగా వసూలు చేసే లెవీ ధాన్యం కొలవం అన్నారు. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ (ఆ చుట్టుపక్కల ఊళ్ళ పెద్ద దొర) మనుషులు కాల్చిన తూటాలకు దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అక్కడి నుంచి కర్రలు పట్టిన సంఘం (ఊళ్ళలో ఆంధ్ర మహాసభను అలా అనేవాళ్ళు) కాస్తా తుపాకుల దళం అయింది. ఒక పక్క నిజాం పోలీసులు, ఇంకో పక్క నిజాం తరఫున తిరిగే కాసిం రజ్వీ రజాకార్లు, మధ్యలో దొరల గూండాలు. 1948 సెప్టెంబర్ 13న ఇండియన్ యూనియన్ సైన్యం దిగింది, 17కల్లా నిజాం లొంగిపోయాడు. చాలామంది కథ అక్కడితో ఆపేస్తారు. కానీ దళాలు ఆయుధాలు దించలేదు. యూనియన్ మిలటరీతో ఇంకో మూడేళ్ళు నడిచింది. పోరాటాన్ని విరమిస్తున్నామని దాన్ని నడిపిన కమ్యూనిస్టు పార్టీ ప్రకటించింది 1951 అక్టోబర్ 21న. ఐదేళ్ళ పాటు క్యాంపులు, చెక్‌పోస్టులు, రాత్రి సోదాలు, తలలకు వెలలు ఉన్నదాన్ని ఇంకేమనాలో మీరే చెప్పండి.

ఇంకో సంగతి. అప్పటి నల్గొండ జిల్లా ఇప్పటిది కాదు. సూర్యాపేట, భువనగిరి, జనగామ తాలూకాలన్నీ దాని కిందే. అందుకే పాలకుర్తి, కడవెండి కూడా మన జిల్లా కథలోకే వస్తాయి.

మన దగ్గర నిజంగా గూఢచారిణులు ఉన్నారా?

ఆ మాట వాళ్ళెవ్వరూ వాడలేదు. "సంఘంల పని చేసిన" అనేవాళ్ళు, "కబురు మోసిన" అనేవాళ్ళు. పార్టీ భాషలో అయితే "కొరియర్". చదువురాని ముసలమ్మలు కూడా ఈ ఇంగ్లిష్ మాటను మన మాటలాగే పలికేవాళ్ళు, "నేను కొరియర్ చేసిన" అని.

పని మాత్రం గూఢచారి పనే. ఎవరు ఎటు పోతున్నారో చూడటం, చూసింది గుర్తుపెట్టుకోవడం, చెప్పాల్సినవాళ్ళకు చెప్పడం, చెప్పకూడనివాళ్ళ ముందు అమాయకంగా ఉండటం. క్యాంపులో ఎంతమంది దిగారు, ఎన్ని తుపాకులున్నాయి, పొద్దున ఏ దారి పట్టారు, ఎవరింట్లో కోళ్ళు కోస్తున్నారు, ఇవన్నీ సమాచారమే. కోళ్ళ సంగతి చిన్నదనుకోకండి. పటేల్ ఇంట్లో ఉన్నట్టుండి పది కోళ్ళు కోస్తున్నారంటే రాత్రికి పోలీసులు వస్తున్నట్టు లెక్క.

చీటీ ఎక్కడ దాచేవాళ్ళు?

పిల్లలు బాగా ఇష్టపడే ప్రశ్న ఇది. మా నాయనమ్మ నాకు చేసి చూపించిన పద్ధతి ఒకటుంది, అదే చెప్తాను.

కుండో గంపో నెత్తిన పెట్టుకునేటప్పుడు కింద గుడ్డ చుట్టి పెట్టుకుంటారు కదా, చుట్టబట్ట. పాత చీర పేలికను తాడులా మెలిపెట్టి, గుండ్రంగా చుట్టి, కొసను లోపలికి దోపాలి. ఆ మెలి పెట్టేటప్పుడే బీడీ అంత సన్నగా చుట్టిన చీటీని మధ్యలో పెట్టి మెలేస్తే, బట్ట మొత్తం విప్పితే తప్ప కనబడదు. దాని మీద పెరుగు కుండ. దారిలో ఆపినవాళ్ళు కుండలో చెయ్యి పెట్టి చూస్తారు, గంప దింపించి చూస్తారు, కొంగు దులపమంటారు. చెమటకు తడిసి, పెరుగు కారి వాసన కొట్టే ఆ బట్టను ముట్టుకోవాలని ఎవరికీ అనిపించదు. నాయనమ్మ నాకు చూపించింది 70 ఏళ్ళ వయసులో. వేళ్ళు వణుకుతున్నా ఆ మెలి మాత్రం ఒక్కసారికే కుదిరింది.

కొప్పులో, రవిక లోపల, గడ్డిమోపులో, చంటిబిడ్డ గుడ్డల్లో దాచడం కూడా ఉండేది. కాకపోతే కొప్పు అందరికీ తెలిసిపోయింది. అందరికీ తెలిసిన చోట దాచడమంటే దొరికిపోవడమే.

చీటీలో ఏముండేది?

మోసేవాళ్ళలో చాలామందికి తెలియదు. మా నాయనమ్మను నేను అదే అడిగాను. "ఏం రాసుందో నాకేం ఎరుక బిడ్డా. ఇయ్యమన్నరు, ఇచ్చిన" అంది. ఆ జవాబు విని కాలేజీ రోజుల్లో నాకు కాస్త చిన్నతనంగా అనిపించింది, ఏదో తపాలా పని చేసిందన్నట్టు. తర్వాత అర్థమైంది. చదవడం రాని మనిషిని ఎంత కొట్టినా చీటీలో ఏముందో చెప్పించలేరు. ఎవరిచ్చారు, ఎవరికిస్తున్నావు అన్న రెండే రెండు ప్రశ్నలు మిగులుతాయి. ఇచ్చిన మనిషి పేరు కూడా అసలు పేరు కాదు. రాజక్క, ఎల్లన్న, అంతే.

అసలు ముఖ్యమైన కబుర్లు చాలావరకు చీటీ మీదకు ఎక్కేవే కావు, నోటి మాటగానే పోయేవి. "మా అక్కకు జ్వరం తగ్గలేదు, మందు పంపమంది" లాంటి మాట ఒకటి అనుకుంటారు. వినేవాడికి అది మందు సంగతే. తెలిసినవాడికి మిలటరీ ఇంకా ఊళ్ళోనే ఉంది, రావద్దు అని.

ఆడవాళ్ళనే ఎందుకు పంపేవాళ్ళు?

ఎవరూ చూడరు కాబట్టి. ఇంతకంటే పెద్ద కారణం లేదు.

మగవాడు పొద్దుగూకాక ఊరు దాటితే ఎటు పోతున్నావని అడుగుతారు. ఆడమనిషి చేతిలో చెంబు ఉంటే ఎవరూ అడగరు. నీళ్ళకు, కట్టెలకు, కలుపుకు, పుట్టింటికి, పురుడు పొయ్యడానికి, చావుకు ఏడవడానికి, సంతకు, జాతరకు అంటూ ఆడవాళ్ళు ఊరి చుట్టూ రోజుకు పదిసార్లు తిరుగుతూనే ఉంటారు. ఆ తిరుగుడు అందరి కళ్ళకూ అలవాటైపోయింది.

కులం సంగతి కూడా చెప్పాలి, పుస్తకాల్లో దీన్ని తొందరగా దాటేస్తారు. చాకలి మనిషి ప్రతి ఇంటికీ పోతుంది. మంత్రసాని అర్ధరాత్రి కూడా పోవచ్చు. కూలికి పోయే మాదిగ, మాల ఆడవాళ్ళు పది ఊళ్ళ పొలాల్లో పని చేస్తారు. అదే రెడ్డి, వెలమ ఇళ్ళ ఆడవాళ్ళు అప్పట్లో గడప దాటి నాలుగు అడుగులు వేస్తే ఊరంతా చెప్పుకునేది. అంటే ఈ పనికి ఎవరి కాళ్ళు స్వేచ్ఛగా తిరుగుతాయో వాళ్ళే పనికొచ్చారు. తర్వాత ఫొటోలు, పదవులు ఎవరికి వచ్చాయన్నది వేరే లెక్క. అటు కూడా వస్తాను.

గడి లోపలి కబురు బయటికి ఎలా వచ్చేది?

గడి అంటే దొర కోటలాంటి ఇల్లు. దాని గోడలు ఎంత ఎత్తున్నా లోపల పని చేసేది ఊరివాళ్ళే. నీళ్ళు మోసేది, వడ్లు దంచేది, బట్టలు ఉతికేది, దొరసాని కాళ్ళు ఒత్తేది అంతా వెట్టి మనుషులు. దొర కూతురికి పెళ్ళయితే ఆమెతో పాటు కట్నంలో సామానులా పంపిన ఆడబాపలు అనే దాసీలు కూడా ఉండేవాళ్ళు. వాళ్ళ ముందు దొరలు గోడ ముందు మాట్లాడినట్టే మాట్లాడేవాళ్ళు. ఆ గోడకు చెవులే కాదు, సాయంత్రం వాడకు తిరిగిపోయే కాళ్ళు కూడా ఉన్నాయన్న ధ్యాస వాళ్ళకు ఉండేది కాదు.

ఐలమ్మ గూఢచారా?

కాదు. ఆమె చేసింది అంతా బాహాటంగానే. పాలకుర్తిలో కౌలుకు చేసుకున్న నాలుగెకరాల పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డిని ఎదిరించింది. పంట కోసుకుపోవడానికి అతని మనుషులు వస్తే, సంఘం కార్యకర్తలు నిలబడి కోసి ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. తర్వాత ఆమె ఇల్లు తగలబెట్టారు. అయినా భూమి వదల్లేదు.

ఐలమ్మను నేను ఈ జాబితాలో పెట్టేది ఇంకో కారణానికి. ఆమె ఇల్లు సంఘం మనుషులు వచ్చిపోయే చోటు. ఒక ఇంటికి నలుగురు వచ్చి అన్నం తిని పోతున్నారంటే ఆ అన్నం వండేవాళ్ళు కూడా పోరాటంలో ఉన్నట్టే. సోదాకు వచ్చినవాళ్ళు ముందు చూసేది పొయ్యి దగ్గర గంజి ఎంత వార్చారని. ఇద్దరు ఉండే ఇంట్లో ఎనిమిది మంది గంజి కనబడితే పట్టుకుపోతారు.

ఒక చిన్న ముచ్చట: హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఐలమ్మ పేరు పెట్టారు. ఆ భవనం ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. నిజాం ఆస్థానంలో ఏం జరుగుతోందో ఇంగ్లిష్ వాళ్ళు కనిపెట్టుకుని కూర్చున్న చోటు అది. దానికి ఇప్పుడు పాలకుర్తి చాకలి మనిషి పేరు. బోర్డు చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

డెన్ అంటే ఏంటి?

రహస్యంగా ఉండే నాయకులకు అద్దెకు తీసుకున్న ఇల్లు. పట్నంలోనో, వేరే రాష్ట్రంలోనో, ఎవరికీ తెలియని వీధిలోనో ఉంటుంది. మగవాళ్ళే ఉంటే ఇరుగుపొరుగుకు అనుమానం వస్తుంది. ఒక ఆడమనిషి ముగ్గేసి, పాలవాడితో బేరమాడి, పక్కింటావిడతో ఆవకాయ గురించి మాట్లాడితే అది సంసారం ఉన్న ఇల్లు అనిపిస్తుంది. అందుకని ఎవరికో భార్యగా, చెల్లెలిగా, వదినగా నటిస్తూ ఏళ్ళ తరబడి డెన్‌లలో గడిపినవాళ్ళు ఉన్నారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కొండపల్లి కోటేశ్వరమ్మ అలా ఊరు మార్చుకుంటూ, పేరు మార్చుకుంటూ బతికారు. పిల్లల్ని తల్లి దగ్గర వదిలేసి.

నా దృష్టిలో మొత్తం పోరాటంలో అన్నిటికంటే టెన్షన్ పని ఇదే. తుపాకీ పట్టుకున్నవాళ్ళకు అడవిలో పక్కన పదిమంది ఉంటారు. డెన్‌లో ఉన్న మనిషి తలుపు చప్పుడైన ప్రతిసారీ ముఖం మార్చుకోవాలి. కన్నబిడ్డ గుర్తొచ్చి ఏడుపొస్తే పక్కింటావిడకు ఏ కారణం చెప్తుంది?

తుపాకీ పట్టినవాళ్ళు ఎంతమంది?

లెక్క చెప్పను, ఎవరైనా కచ్చితంగా చెప్తే నమ్మకండి. పేర్లు మాత్రం చెప్తాను.

మల్లు స్వరాజ్యం 1931లో కరివిరాల కొత్తగూడెంలో పుట్టారు. దొరల ఇంటి పిల్ల. పోరాట నాయకుడు భీమిరెడ్డి నరసింహారెడ్డి ఈమెకు అన్న. పోరాటం మొదలయ్యేసరికి ఇప్పటి మన టెన్త్ పిల్లల ఈడు. ముందు పాటలు, సభలు, తర్వాత దళం. రాజక్క పేరుతో గోదావరి అడవుల్లో కోయల మధ్య పనిచేశారు. ఆమె తలకు పెట్టిన వెల 10,000 రూపాయలు, ఆ రోజుల్లో పది వేలు. తర్వాత 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. 2022 మార్చి 19న చనిపోయారు.

ఆరుట్ల కమలాదేవి ఆలేరు దగ్గర మంతపురి బిడ్డ. భర్త రామచంద్రారెడ్డితో పాటు అజ్ఞాతంలోకి వెళ్ళి దళంలో పనిచేశారు, జైలుకు పోయారు. ఆలేరు నుంచి 1952 మొదలుకుని మూడుసార్లు ఎమ్మెల్యే. అచ్చమాంబ వైద్యం నేర్చుకుని అడవిలో గాయాలకు కట్లు కట్టారు. ఇంకా ఉన్నారు, ఈ ముగ్గురితో అయిపోలేదు.

కారంపొడి, రోకళ్ళు, వడిసెలలు నిజమేనా, నాటకాల్లో కల్పించారా?

నిజమే. వడిసెల గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్తాను, ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. తాడు మధ్యలో రాయి పట్టేంత జాలీ, రెండు కొసలూ ఒకే చేతిలో. గిరగిరా తిప్పి ఒక కొస వదిలితే రాయి తూటాలా పోతుంది. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని కొట్టడానికి వాడేది. ఆ కాపలా పని ఆడవాళ్ళు, పిల్లలే చేసేవాళ్ళు. కాబట్టి పోరాటంలో వడిసెల పట్టమని వాళ్ళకు ఎవరూ ట్రైనింగ్ ఇవ్వాల్సిన పని లేకపోయింది. వంద గజాల్లో గోరింక తలకు గురి పెట్టేవాళ్ళకు గుర్రం మీద పోలీసు ఎంత పెద్ద గురి!

కారం కళ్ళలోకి విసరాలంటే దగ్గరికి రావాలి. అంటే అది చివరి గడియలో వాడేది, ఇంట్లోకి జొరబడ్డాక. ఎగతాళిగా చెప్పుకునే విషయం కాదు. 1946లో ఆకునూరు, మాచిరెడ్డిపల్లిలో పోలీసులు ఆడవాళ్ళ మీద చేసిన అఘాయిత్యాలు హైదరాబాద్ దాకా గగ్గోలు పుట్టించాయి. సరోజినీ నాయుడు కూతురు పద్మజా నాయుడు స్వయంగా ఆ ఊళ్ళకు వచ్చి బాధితులతో మాట్లాడారు. కారం డబ్బా తలుపు పక్కన ఎందుకు పెట్టుకున్నారో దీన్ని బట్టి తెలుస్తుంది.

బతుకమ్మ పాటలతో సమాచారం పంపేవాళ్ళట కదా?

పాటలతో జనాన్ని కదిలించారు, అది ఖాయం. ఉయ్యాలో, వలలో అని పాడుకునే వరసల్లోనే దొరల ఆగడాలు కట్టి పాడారు, స్వరాజ్యం గారి గొంతుకు అందులో పెద్ద పేరు. కానీ ఫలానా చరణం పాడితే పోలీసులు వస్తున్నట్టు అర్థం లాంటివి ఈమధ్య వీడియోల్లో ఎక్కువయ్యాయి. ఊళ్ళో ఎవరో ఇద్దరు అలా అనుకుని ఉండొచ్చు. దాన్ని ఒక పెద్ద కోడ్ పద్ధతిలా చెప్పడం నేను చెయ్యను. ఆడవాళ్ళు నలుగురు ఒకచోట కూడటానికి పోలీసులు కూడా అడ్డుచెప్పలేని పండుగ అది. దాని విలువ దానికి చాలు.

సరిహద్దు దాటించడం ఎలా?

మునగాల పరగణా గురించి వినని పిల్లలు చాలామంది. ఇప్పుడు కోదాడ పోతుంటే హైవే మీద వచ్చే మునగాలే. నడిగూడెం కోట దాని జమీందారులది. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ఈ ముక్క మాత్రం కృష్ణా జిల్లా కింద ఇంగ్లిష్ పాలనలో ఉండేది. 1947 ఆగస్టు తర్వాత అది యూనియన్ భూమి అయింది, చుట్టూ ఇంకా నిజామే. పొలం గట్టు దాటితే వేరే రాజ్యం అన్నమాట. వియ్యాలు, కయ్యాలు, పొలాలు అన్నీ రెండు వైపులా కలిసే ఉండేవి. అత్తగారింటి నుంచి పుట్టింటికి పోయే మనిషిని పాస్‌పోర్టు అడిగేదెవరు? గాయపడ్డవాళ్ళు అటు, మందులూ కరపత్రాలూ ఇటు. మూటలో పైన పసుపు, కుంకుమ, రవిక గుడ్డ.

పట్టుబడితే?

కొట్టేవాళ్ళు. అంతకంటే ఘోరాలు చేసేవాళ్ళు. వాటిని పిల్లల ముందు నేను వివరించను, ఇక్కడా వివరించను. ఒకటి మాత్రం చెప్పాలి. జైలు నుంచి వచ్చిన మగవాడికి ఊళ్ళో దండ వేశారు. అదే పోలీసుల చేతిలో రెండు రాత్రులున్న ఆడమనిషిని ఇంట్లోకి రానివ్వాలా వద్దా అని పంచాయితీ పెట్టారు. చాలామంది తమకు ఏం జరిగిందో జన్మలో నోరు విప్పకపోవడానికి కారణం పోలీసుల భయం ఒక్కటే కాదు.

పిల్లల తల్లులు ఎలా చేశారు?

ఈ ప్రశ్న ఎప్పుడూ టీచర్లు అడుగుతారు, పిల్లలు అడగరు. అడవిలో చంటిబిడ్డ ఏడిస్తే దళం మొత్తం దొరికిపోతుంది. నెలల బిడ్డను ఎవరో తెలియని ఇంట్లో ఇచ్చేసి దళంతో నడిచిపోయిన తల్లి తన గొంతుతో చెప్పుకున్న మాటలు రికార్డయి ఉన్నాయి. బిడ్డను వదలమన్నది ఎవరు, వదలనంటే ఏమయ్యేది అని అడిగితే ఆ తరం నాయకుల దగ్గర సరైన జవాబు రాలేదు.

దొరల వైపు, పోలీసుల వైపు ఆడవాళ్ళు లేరా?

ఎందుకు లేరు? విసునూరు దేశ్‌ముఖ్ తల్లి జానకమ్మ కడవెండి గడిలో కూర్చుని చేసిన పెత్తనం అక్కడి ముసలివాళ్ళు ఇప్పటికీ చెప్తారు. కబుర్లు అటు మోసినవాళ్ళూ ఉన్నారు. కొందరు డబ్బుకు, కొందరు భయానికి, ఇంకొందరు మొగుణ్ణి స్టేషన్‌లో పెట్టి "దళం జాడ చెప్తే వదులుతాం" అంటే తట్టుకోలేక. ఆడవాళ్ళందరూ వీరనారులే అని రాస్తే దండలు వెయ్యడానికి బాగుంటుంది కానీ చరిత్ర అవ్వదు.

మహబూబ్‌నగర్ వైపు ఏమీ జరగలేదా? మా ఊరి పేరు ఎక్కడా రాదు.

కల్వకుర్తి పిల్లాడు ఒకడు కాస్త కోపంగానే అడిగాడు. పోరాటం గట్టిగా సాగింది నల్గొండ, వరంగల్, ఖమ్మం వైపే. సైన్యం వచ్చాక దళాలు కృష్ణ ఒడ్డు నల్లమల వైపు కూడా సర్దుకున్నాయి. మహబూబ్‌నగర్ పేరుతో మాత్రం ఇంకో గూఢచారిణి కథ ముడిపడి ఉంది, అది వాడికి చెప్పి శాంతింపజేశాను.

పాలమూరుకు 1890లో మహబూబ్‌నగర్ అని పేరు పెట్టింది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ మీద. ఆ నిజాం ముందు వీణ వాయించి, పాడి, "తాన్సేన్" బిరుదు పొందిన సూఫీ గాయకుడు ఇనాయత్ ఖాన్. ఆయన తర్వాత పడమటి దేశాలకు వెళ్ళి, అమెరికా అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. 1914లో మాస్కోలో పుట్టిన వాళ్ళ పెద్దకూతురు నూర్ ఇనాయత్ ఖాన్. టిప్పు సుల్తాన్ వంశం. రెండో ప్రపంచ యుద్ధంలో 1943 జూన్‌లో బ్రిటిష్ వాళ్ళు ఆమెను జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌కు రహస్యంగా పంపారు. ఆ పనికి అక్కడికి పంపిన మొదటి ఆడ రేడియో ఆపరేటర్ ఆమే. మారుపేరు మాడెలిన్. దిగిన కొద్ది రోజులకే తోటివాళ్ళంతా దొరికిపోయారు. వెనక్కి వచ్చెయ్యమంటే రానంది. పారిస్‌లో ఇల్లిల్లూ మారుతూ లండన్‌కు కబుర్లు పంపింది. అక్టోబర్‌లో ఎవరో ఆమె జాడ జర్మన్లకు అమ్మేశారు. 1944 సెప్టెంబర్ 13న డాఖావ్ క్యాంపులో కాల్చి చంపారు. 1949లో బ్రిటన్ జార్జ్ క్రాస్ అనే సాహస పతకం ఇచ్చింది.

నూర్ విషయంలో నన్ను పట్టి ఉంచేది ఒక నోటుబుక్. పంపిన కబుర్లన్నీ అందులో రాసి దాచుకుంది. అలా దాచాలని ఆమె పొరపాటుగా అర్థం చేసుకుందంటారు. ఆమెతో పాటు ఆ బుక్ కూడా జర్మన్లకు దొరికింది. ఆమె పేరుతో వాళ్ళే లండన్‌కు దొంగ కబుర్లు పంపారు, వాటిని నమ్మి దిగినవాళ్ళు నేరుగా జర్మన్ల చేతుల్లో పడ్డారు. పారిస్‌లో చదువుకుని పిల్లల కథలు రాసిన అమ్మాయి ఆమె. రాసి పెట్టుకోవడం ఆమెకు అలవాటు. అక్షరం రాని మా నాయనమ్మకు ఆ ప్రమాదమే లేదు.

మాతా హరి గురించి చెప్పరా?

చెప్పను. మొదటి ప్రపంచ యుద్ధంలో గూఢచారి అని కాల్చి చంపిన నాట్యగత్తె ఆమె. అందంతో రహస్యాలు లాగే ఆడమనిషి అనే కథ ఒకటి ఆమెతో పాతుకుపోయింది, అంతే. మన దగ్గర పని చేసింది అందం కాదు, పేడగంప.

పోరాటం ఆగాక వాళ్ళంతా ఏమయ్యారు?

కొందరు ఎన్నికల్లోకి వచ్చారు, పైన చెప్పాను. ఎక్కువమందిని ఇంటికి పొమ్మన్నారు. పోవడానికి ఇల్లున్నవాళ్ళు పోయారు. లేనివాళ్ళు హాస్టళ్ళలో వార్డెన్లుగా, ఆయాలుగా, కుట్టుమిషన్ పెట్టుకుని బతికారు. 1980ల్లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళల బృందం ఊరూరా తిరిగి వాళ్ళ మాటలు టేపుల్లోకి ఎక్కించకపోతే సగం పేర్లు మనకు తెలిసేవి కావు. అప్పటికే 35 ఏళ్ళు గడిచాయి. చాలామంది అదే మొదటిసారి నోరు విప్పడం.

కొరియర్ చేసినవాళ్ళకు పెన్షన్ ఎందుకు రాలేదు?

మా ఇంట్లో కూడా ఇది పాత గాయం. సమరయోధుల పెన్షన్ పథకం 1972లో మొదలైంది. జైల్లో ఉన్నట్టయితే సర్టిఫికెట్ కావాలి, మామూలుగా ఆరు నెలలు, ఆడవాళ్ళకు మూడు నెలలు చాలు. అజ్ఞాతంలో ఉన్నామంటే కనీసం ఆరు నెలలు ఉన్నట్టు రుజువు కావాలి. పరారీలో ఉన్న నేరస్తులని ప్రకటించారా, తలకు వెల కట్టారా, నిర్బంధ ఉత్తర్వు ఇచ్చారా, వీటిలో ఏదో ఒక కాగితం.

కొరియర్ పని బాగా చేసిన మనిషి మీద ఈ కాగితాల్లో ఒక్కటీ ఉండదు. ఎవరికీ అనుమానం రాకుండా ఐదేళ్ళు చీటీలు మోసిందంటేనే పోలీసు రికార్డులో పేరు లేదని అర్థం. అనుమానం వచ్చి ఉంటే పెన్షన్ వచ్చేది. నేను మా నాయనమ్మను తీసుకుని ఒక ఆఫీసుకు వెళ్ళినప్పుడు అక్కడి గుమాస్తా "వారెంట్ ఉందా అమ్మా?" అని మర్యాదగానే అడిగాడు. ఆమె నా వైపు తిరిగి, "వారెంట్ ఉంటే నేను చీటీ ఎట్ల మోస్త బిడ్డా?" అంది. బస్సుకు తిరిగొచ్చాం. దారిలో నకిరేకల్ దగ్గర జామకాయలు కొనిపించుకుని తింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మా ఇంట్లో కూడా ఒక ముసలమ్మ ఉంది. ఎలా అడగాలి?

ముందు లెక్క వేసుకోండి. పోలీసు యాక్షన్ (1948లో యూనియన్ సైన్యం దిగిన రోజులు) నాటికి పన్నెండేళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు తొంభై దగ్గర పడుతోంది. వచ్చే సెలవుల్లో చూద్దాంలే అనుకోకండి.

"నువ్వు పోరాటంలో ఉన్నావా అవ్వా?" అని అడిగితే లేదంటుంది. వాళ్ళ దృష్టిలో పోరాటమంటే తుపాకీ. పనుల గురించి అడగండి. రాత్రిపూట ఎవరికి వండేవాళ్ళు? నీళ్ళకు ఏ దారిన పోయేవాళ్ళు? ఊళ్ళోకి పోలీసులు వస్తే ముందు ఎవరికి తెలిసేది? అన్నం గంప ఎవరు మోసేవాళ్ళు? అప్పుడు చెప్తుంది. సంవత్సరాలు అడగకండి, ఆ ఏడు బతుకమ్మకు ముందా తర్వాతా, పెద్దబిడ్డ పుట్టాకా పుట్టకముందా అని అడగండి, కచ్చితంగా చెప్తుంది. ఆమె భాషను పుస్తక భాషలోకి దిద్దకండి. పేరు బయట పెట్టొచ్చా అని అడిగి, వద్దంటే పెట్టకండి.

ఇంకో మాట. మీరు అడిగేది ఆమెను, జవాబు చెప్పేది పక్కన కూర్చున్న తాతో పెద్దకొడుకో అవుతుంది. "దానికేం తెల్సు, నేను చెప్త" అంటారు. వాళ్ళను టీ తాగి రమ్మని బయటికి పంపండి, అప్పుడు ఫోన్‌లో రికార్డింగ్ నొక్కండి. చార్జింగ్ మాత్రం ముందే చూసుకోండి. నా రికార్డింగ్ సరిగ్గా నాయనమ్మ చుట్టబట్ట చేసి చూపిస్తున్నప్పుడే ఆగిపోయింది.